సైబోర్గ్ అంటే మా నాయనమ్మే



ఈ ఫొటో మీలో కొందరు ఫోన్‌లో చూసే ఉంటారు. ఒక తెల్లాయన, తల వెనక నుంచి లేచి నుదుటి ముందుకి వంగిన సన్నని కడ్డీ. చీమకి మీసం ఉన్నట్టు ఉంటుంది. ఆయన పేరు నీల్ హార్బిసన్. బ్రిటన్‌లో పుట్టి, స్పెయిన్‌లోని కాటలోనియాలో పెరిగిన కళాకారుడు. పుట్టుకతోనే ఆయనకి రంగులు కనిపించవు. లోకమంతా నలుపు, తెలుపు, బూడిద. 2004లో తలకి యాంటెన్నా పెట్టుకున్నాడు. దాని కొసన ఉన్న సెన్సర్ ఎదురుగా ఏ రంగు ఉంటే ఆ రంగుని పట్టుకుంటుంది. ఆ రంగు ఒక స్వరంగా మారి పుర్రె ఎముక గుండా ఆయనకి వినిపిస్తుంది. అంటే ఆయన రంగుల్ని వింటాడు. మనుషుల ముఖాల్ని, వీధుల్ని, బొమ్మల్ని విని సంగీతం చేస్తాడు. సంగీతాన్ని విని రంగులు వేస్తాడు.

అదే ఏడాది ఆయన పాస్‌పోర్ట్ ఫొటో పంపితే అధికారులు ఒప్పుకోలేదు. ఎలక్ట్రానిక్ పరికరం పెట్టుకుని ఫొటో దిగకూడదన్నారు. ఆయన తగ్గలేదు. ఇది పరికరం కాదు, నా ఒంట్లో భాగం అని వాదించాడు. డాక్టర్‌తో ఉత్తరం రాయించాడు. చివరికి ప్రభుత్వమే దిగొచ్చింది. యాంటెన్నా ఉన్న ఫొటోతోనే పాస్‌పోర్ట్ ఇచ్చింది. ప్రభుత్వం గుర్తించిన మొదటి సైబోర్గ్ అని అప్పట్నుంచి పేపర్లు రాస్తూనే ఉన్నాయి.

సైబోర్గ్ అంటే మనిషీ యంత్రమూ కలిసిపోయిన ప్రాణి. ఈ మాట 1960లో మాన్‌ఫ్రెడ్ క్లైన్స్, నాథన్ క్లైన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పుట్టించారు. మనిషి అంతరిక్షంలో బతకాలంటే శరీరాన్ని యంత్రాలతో ఎలా మార్చుకోవాలి అని ఆలోచిస్తూ పెట్టిన పేరు అది. ఇప్పుడా మాట కళాకారుల చేతికొచ్చింది. 2010లో హార్బిసన్, మూన్ రిబాస్ అనే నృత్య కళాకారిణి కలిసి సైబోర్గ్ ఫౌండేషన్ పెట్టారు. రిబాస్ తన ఒంట్లో ఒక సెన్సర్ పెట్టించుకుంది. భూమ్మీద ఎక్కడ కంపనం వచ్చినా అది ఆమె ఒంట్లో అదిరేది. స్టేజీ మీద ఆ అదురు వస్తేనే ఆమె కదిలేది. రాకపోతే అలాగే నిలబడి ఎదురుచూసేది.

డిగ్రీలో ఉన్నప్పుడు వీళ్ల గురించి మొదటిసారి చదివాను. ఆశ్చర్యపోయాను. ఆ తర్వాత సెలవులకి ఊరెళ్లి నాయనమ్మతో రేషన్ దుకాణానికి పోయాను. అక్కడ అర్థమైంది నాకు, సైబోర్గ్ కోసం స్పెయిన్ దాకా పోనక్కర్లేదని.

మా నాయనమ్మ వేళ్లు మీకు తెలుసు. మీ ఇంట్లోనూ అలాంటి వేళ్లే ఉంటాయి. తునికాకు కోసి, చింతపండు గింజ తీసి, ఇప్పపువ్వు ఏరి, పోడులో కలుపు పీకి గీతలు అరిగిపోయిన వేళ్లు. ఆ రోజు మిషన్ మీద బొటనవేలు పెట్టింది. పడలేదు. చీరకొంగుకి తుడుచుకుని మళ్లీ పెట్టింది. పడలేదు. చూపుడు వేలు, ఎడమ చేయి, అన్నీ అయ్యాయి. ఇంతలో సిగ్నల్ పోయింది. రేపు రా అవ్వా అన్నాడు డీలర్. డీలర్‌కి మా నాయనమ్మ చిన్నప్పట్నుంచి తెలుసు. లైన్లో ఉన్న అందరికీ తెలుసు. తెలియంది ఆ మిషన్‌కొక్కదానికే. అందరి మాటకన్నా దాని మాటే చెల్లింది.

ఆ రాత్రి రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. హార్బిసన్ తలలో యంత్రం ఉంది. మా నాయనమ్మ వేలు యంత్రంలో ఉంది. ఈ యంత్రం నేనే అని ఆయన అంటే ప్రభుత్వం నమ్మింది. నేను నేనే అని మా నాయనమ్మ అంటే నమ్మలేదు.

మిత్రులారా, ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఇదే. మనిషి యంత్రంతో కలవడం మంచిదా చెడ్డదా అని పెద్దపెద్ద చోట్ల చర్చ జరుగుతోంది. ఆ చర్చ మన దగ్గరికి వచ్చేసరికి ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. కలపమని ఎవరు అడిగారు? వద్దంటే విడిపించుకునే హక్కు ఎవరికుంది?

మనలో కొందరు అంటారు. "ఊరికి రోడ్డే లేదు, గర్భిణిని డోలీలో మోస్తున్నాం, నీకు సైబోర్గ్ ముచ్చట కావాల్సొచ్చిందా?" అని. న్యాయమైన మాటే. అయితే ఒక్కటి గమనించండి. రోడ్డు రాని ఊరికి కూడా వేలిముద్ర మిషన్ వచ్చింది. అంబులెన్స్ రాని గూడేనికి ఫొటో హాజరు యాప్ వచ్చింది. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో రోజుకి రెండుసార్లు కూలీల ఫొటో తీసి యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం దాటాక ఇంకొకటి. చెరువు పూడిక తీసిన చేతులు, చెమట కారిన ఒళ్లు సాక్ష్యం కావు. ఫొటో ఎక్కితేనే పని చేసినట్టు. సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని గుట్టెక్కే మేట్‌ని మీరూ చూసుంటారు. రోడ్డుకి ముందే యంత్రం మన ఒంటిని పట్టుకుంది. అందుకే మాట్లాడాలంటున్నాను.

వేలిముద్ర కథ మనకి కొత్తది కాదు. మన తాతల్ని వేలిముద్రగాళ్లని వెక్కిరించారు. షావుకారు తెల్లకాగితం మీద ఆ వేలిముద్రే వేయించుకున్నాడు. దాని పైన ఏం రాసుకున్నాడో తాతకి తెలియదు. తెలిసేసరికి భూమి పోయింది. ఏజెన్సీలో భూములు అలా చేతులు మారుతుంటేనే 1959లో భూ బదలాయింపు నిబంధన, దాన్ని గట్టి చేస్తూ 1970లో మనం 1/70 అని పిలుచుకునే చట్టం వచ్చాయి. మన ఎరుకల బంధువుల కథ ఇంకా కఠినం. 1924 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని తెగల్ని పుట్టుకతోనే నేరస్తులుగా రాసింది. రిజిస్టర్‌లో పేరున్న వాళ్ల వేలిముద్రలు ఎప్పుడైనా తీసుకోవచ్చని అధికారికి అధికారం ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో గానీ ఆ చట్టం పోలేదు.

అంటే మన వేలు రెండుసార్లు మనకి ఎదురుతిరిగింది. ఒకసారి భూమి పోగొట్టింది. ఒకసారి దొంగల జాబితాలో చేర్చింది. మూడోసారి బియ్యం దగ్గర నిలబెట్టింది. మూడుసార్లూ వేలు మనదే. ముద్ర ఎక్కడికి పోతుందో, దాన్ని చూసి ఎవరు ఏం నిర్ణయిస్తారో మాత్రం మన చేతిలో లేదు.

చట్టం ఏమంటోందో కూడా తెలుసుకుందాం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. 2018 సెప్టెంబర్ 26న ఇచ్చిన ఆధార్ తీర్పులో ప్రభుత్వ పథకాలకి ఆధార్ అడగొచ్చని మెజారిటీ జడ్జీలు ఒప్పుకున్నారు. వేలిముద్ర కలవలేదన్న ఒక్క కారణంతో అర్హుల్ని వెనక్కి పంపకూడదన్న మాట కూడా ఆ కేసులో నమోదైంది. అంతకుముందే 2017 అక్టోబర్‌లో, ఆధార్ లేదనో కలవలేదనో రేషన్ ఆపొద్దని కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలకి రాసింది. ఆ ఉత్తరం ఊరికే రాలేదు. దానికి కొద్ది వారాల ముందే జార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లాలో 11 ఏళ్ల పాప చనిపోయింది. ఆధార్ కలపలేదని ఆ ఇంటి రేషన్ కార్డు తీసేశారు. ఆకలితో చనిపోలేదు, జ్వరంతో అని అధికారులన్నారు. అన్నం అడుగుతూ పోయిందని తల్లి చెప్పింది. కాగితం మీద మనకి హక్కుంది. దుకాణం ముందు నిలబడితే మిషన్‌కే హక్కుంది.

ఇంకో మాట. యంత్రం మన ఒంటిని పట్టుకోవడం వేలితో మొదలవలేదు, కొండతో మొదలైంది. మీ చేతిలో ఉన్న ఫోన్ దేంతో చేశారు? రాగి, లిథియం, కోబాల్ట్, అల్యూమినియం. ఆకాశం నుంచి ఊడిపడ్డవి కావు అవి. అల్యూమినియం బాక్సైట్ నుంచి వస్తుంది. బాక్సైట్ ఎక్కడుంది? అనంతగిరి, అరకు, చింతపల్లి కొండల్లో. ఒడిశాలో డోంగ్రియా కోందుల నియమగిరిలో. యంత్రం మెదడు గురించి అందరూ మాట్లాడతారు. దాని ఒళ్లు మాత్రం ఎక్కడో ఒక ఆదివాసీ కొండే. కొండని దేవుడిగా, బంధువుగా చూసేవాళ్లకి ఇది వేదాంతం కాదు, రోజూ కనపడే సంగతి.

మనల్ని అడిగితే ఏమవుతుందో నియమగిరి చూపించింది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, తవ్వాలో వద్దో గ్రామసభలే చెప్పాలంది. ఆ ఏడాదే 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. ఒక కొండని యంత్రంగా మార్చొచ్చా అన్న ప్రశ్నకి అంత శుభ్రంగా జవాబొచ్చిన సందర్భం ఇంకోటి నాకు తెలియదు. మన ప్రాంతంలో 1997 సమత తీర్పు, అంతకు ఏడాది ముందొచ్చిన పెసా చట్టం చెప్పిన మూలం కూడా అదే. ముందు ఊరిని అడుగు.

ఇక కళాకారుల దగ్గరికి వస్తాను. సైబోర్గ్, డిజిటల్ కళ అనగానే తెల్లవాళ్ల పనే అనుకుంటాం. అలా లేదు. ప్రపంచంలోని మన బంధువులు ఈ పనిలో ఎప్పుడో దిగారు.

కెనడాలో స్కావెన్నాటి అనే మొహాక్ కళాకారిణి ఉంది. కంప్యూటర్‌లో సృష్టించిన లోకంలోనే బొమ్మలతో 'టైమ్‌ట్రావెలర్' అనే సినిమా వరస తీసింది. తొమ్మిది భాగాలు, 2008 నుంచి 2013 దాకా. అందులో హీరో 22వ శతాబ్దపు మొహాక్ యువకుడు. ఒక కళ్లద్దం పెట్టుకుని తన జాతి చరిత్రలోకి వెళ్లి వస్తాడు. 1990లో ఓకా అనే ఊళ్లో గోల్ఫ్ మైదానం పెంచడానికి మొహాకుల శ్మశానం మీదికి వస్తే వాళ్లు అడ్డం నిలబడ్డారు. ఆ పోరాటంలోకీ వెళ్తాడు. మనం ఆలోచించాల్సింది ఇక్కడే. సినిమాల్లో ఆదివాసీ ఎప్పుడూ గతంలోనే ఉంటాడు. ఈకలు, విల్లు, డోలు. వంద ఏళ్ల తర్వాతి కథలో మనం ఉండం. స్కావెన్నాటి తనవాళ్లని భవిష్యత్తులో నిలబెట్టింది, చేతికి యంత్రమిచ్చి మరీ.

అమెరికాలో కైట్ అనే లకోటా కళాకారిణి తన పొడవాటి జడనే సెన్సర్లున్న వాయిద్యంగా చేసి ప్రదర్శనలిస్తుంది. ఆమె అడిగే ప్రశ్న వింటే మన పెద్దలు అడిగినట్టే ఉంటుంది. రాయిని కూడా ప్రాణిగా చూసే మా సంప్రదాయంలో, రాళ్లతో చేసిన కంప్యూటర్‌తో ఎలా మెలగాలి అని. 2018లో ఆమె, హవాయి, క్రీ ఆలోచనాపరులతో కలిసి కృత్రిమ మేధ మీద ఒక వ్యాసం రాసింది. యంత్రాన్ని బానిసలాగా కాకుండా చుట్టంలాగా చూస్తే ఎలా ఉంటుందని అందులో చర్చించారు.

ఈ ఆలోచన మనకి కొత్తగా అనిపించదు. దండారిలో గుస్సాడీ వేషం కట్టిన మనిషిని చూడండి. నెమలీకల టోపీ, మేక తోలు, ఒళ్లంతా బూడిద. ఆ వేషంలో ఉన్నన్ని రోజులు ఆయన మన పక్కింటి అన్న కాదు, ఏత్మాసూర్ దేవుడు. ఒంటికి ఇంకొకటి తోడై మనిషి ఇంకొకరయ్యే విద్య గోండు గూడేలకి తరతరాలుగా తెలుసు. అయితే అందులో ఒక కట్టుబాటుంది. వేషం ఎప్పుడు కట్టాలో, ఎప్పుడు విప్పాలో ఊరికి తెలుసు. నాయనమ్మ వేలుని పట్టుకున్న మిషన్‌కి అలాంటి కట్టుబాటు లేదు. దాన్ని విప్పే రోజు రాదు.

ఇంకో పక్కన ఏం జరుగుతోందో చూడండి. ఇప్పుడు ఫోన్‌లో రెండు మాటలు టైప్ చేస్తే చాలు, గోండు శైలిలో జింక, వార్లీ శైలిలో పెళ్లి బొమ్మ క్షణంలో వచ్చేస్తాయి. ఆ శైలి ఎక్కడిది? మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ అనే పల్లె నుంచి వచ్చిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ లాంటివాళ్లు, ఇంటి గోడల మీది ముగ్గుల్ని, ప్రధానుల పాటల్లోని దేవతల్ని కాగితం మీదికి తెచ్చి నిలబెట్టిన శైలి. ఆ చుక్కలు, గీతలు ఒక్కో కళాకారుడివి ఒక్కోలా ఉంటాయి, సంతకంలా. యంత్రం అవన్నీ నమిలి ఒకే ముద్ద చేసి ఇస్తుంది. ఎవరిని అడిగారు? ఏ గ్రామసభ ఒప్పుకుంది? ఎవరికి ఒక్క రూపాయి వచ్చింది? షావుకారు తెల్లకాగితం గుర్తొస్తోందా? నాకు గుర్తొస్తోంది.

మరి యంత్రం వద్దందామా? నేననను. ఈ వ్యాసం కూడా ఫోన్‌లోనే టైప్ చేశాను, మీరూ ఫోన్‌లోనే చదువుతున్నారు. యంత్రంతో మనవాళ్లు సొంత షరతుల మీద కలిసిన ఉదాహరణలున్నాయి.

ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో పెద్దలు గోండి రాతప్రతులు తరాలుగా దాచుకున్నారు. పండితులు ఆ ఊరికి వెళ్లి, ఆ పెద్దల దగ్గర కూర్చుని లిపి నేర్చుకున్నారు. 2018లో గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే ప్రపంచంలో ఏ కంప్యూటర్ అయినా ఆ అక్షరాన్ని అక్షరంగా గుర్తుపట్టగలదు. మా నాయనమ్మ వేలుని గుర్తుపట్టని యంత్రం మన లిపిని గుర్తుపట్టడం నేర్చుకుంది. ఎందుకంటే అక్కడ మనం వస్తువులం కాదు, గురువులం.

న్యూజిలాండ్‌లో మావోరీల రేడియో సంస్థ ఒకటుంది, పేరు తే హికు మీడియా. వాళ్లు తమ భాషని కంప్యూటర్‌కి నేర్పాలనుకుని ఊళ్లలో పిలుపిచ్చారు. పది రోజుల్లో 300 గంటలకి పైగా గొంతులు పోగయ్యాయి. పెద్ద కంపెనీలు ఆ గొంతులు కావాలని వస్తే అమ్మలేదు. ఈ గొంతులకి మేము యజమానులం కూడా కాదు, కాపలాదారులం అన్నారు. ఆ మాటనే లైసెన్స్‌గా రాసుకున్నారు. ఎవరు వాడాలన్నా మావోరీలకి మేలు జరగాలి అన్నది అందులో షరతు. కోయ భాషకి, గోండికి, కొలామికి, సవరకి, కువికి ఇలాంటిది మనం చేయలేమా? రేపు ఎవరో ఒక కంపెనీ మనిషి మైకు పట్టుకుని గూడెం వస్తాడు. పెద్దమ్మ చేత పాట పాడించుకుని, చేతిలో కొంత డబ్బు పెట్టి, ఒక కాగితం మీద సంతకం తీసుకుని పోతాడు. ఆ కాగితం మీద ఏం రాసుందో చదివే మనిషి ఆ రోజు అక్కడ ఉండాలి. ఆ మనిషి మీరు కావాలి.

మన డిమాండ్లు పెద్దవేం కావు. వేలు పడకపోతే అక్కడికక్కడే రిజిస్టర్‌లో రాసి రేషన్ ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో కాగితం మీద రాసివ్వాలి. సిగ్నల్ లేని చోట ఫొటో ఎక్కలేదని కూలి కోయకూడదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ముఖం, వేలు, కన్ను, గొంతు తీసుకునే ఏ కొత్త యంత్రమైనా ముందు గ్రామసభ ముందుకి రావాలి. మన భాషలో చెప్పాలి. ఊరు వద్దంటే ఆగాలి. మన బొమ్మలు, పాటలు యంత్రానికి మేత కావాలంటే ముందు ఆ కళాకారులు, ఆ ఊరు ఒప్పుకోవాలి.

ఇక మీరు చేయాల్సింది. వచ్చే నెల రేషన్ ఇచ్చే రోజు ఒక నోట్‌బుక్ పట్టుకుని దుకాణం దగ్గర నిలబడండి. గొడవ పెట్టుకోవద్దు, డీలర్‌ని తిట్టొద్దు, ఆయన కూడా ఆ మిషన్ కిందే ఉన్నాడు. ఎంతమంది వచ్చారు, ఎంతమంది వేలు పడలేదు, ఎన్నిసార్లు తిరిగారు, వాళ్ల వయసెంత, చేసే పనేంటి, అంతే రాయండి. మూడు నెలలు రాయండి. ఆ నోట్‌బుక్‌ని గ్రామసభలో చదివి తీర్మానం రాయించండి. దాని నకలు ఎమ్మార్వోకి, ఐటీడీఏ పీవోకి ఇచ్చి రసీదు తీసుకోండి. యంత్రం దగ్గర మన లెక్క ఉంది. యంత్రం లెక్క మన దగ్గర ఉండాలి.

హార్బిసన్ ఒక్కడే నిలబడి ప్రభుత్వాన్ని ఒప్పించాడు. ఆయనకి పాస్‌పోర్ట్ ఉంది, డాక్టర్ ఉత్తరం ఉంది, వినేవాళ్లున్నారు. మా నాయనమ్మకి ఏముంది? ఊరుంది. ఈమె మాకు తెలుసు అని చెప్పడానికి లైన్లో ముప్పై మంది ఉన్నారు. ఆ ముప్పై మంది మాట మిషన్ మాటకన్నా పైన చెల్లిన రోజున, యంత్రంతో ఎంతవరకు కలవాలో మనమే కూర్చుని మాట్లాడుకుందాం.

మర్నాడు నాయనమ్మ మళ్లీ వెళ్లింది. నాలుగోసారికి ఉంగరం వేలు పడింది. బియ్యం మూట నెత్తిన పెట్టుకుని వస్తూ, "ఈ వేలు ఇన్నాళ్లూ పనిచేయలేదురా, అందుకే బతికింది" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు.

జై ఆదివాసీ. జల్, జంగల్, జమీన్ మనవి. ఈ వేలు కూడా మనదే.